పదహారూ ఒకే పక్కకి

గ్రాసీ ఫోర్క్, కెంటకీ
మే, 1979

హోబర్ట్ అన్నయ్యా,

నువ్వు బతికే ఉన్నావని నీ చేతిరాత చూసి నమ్మాను. కోడి గెలికినట్టున్నా అది నీ రాతే. భోజనాల వరసలో జారిపడి పక్కటెముకలు విరిగాయని రాశావు. జారిపడ్డవాడికి ఒకవైపు విరుగుతాయి గానీ రెండు వైపులా విరగవు. అక్కడున్న రాట్‌లిఫ్ వాడు, డాయిల్ చిన్నాన్న కొడుకు, నీ వరసలోకే మారాడటగా. జైల్లో ప్రార్థన చేయించడానికొచ్చే పాస్టర్ ఎమ్మెట్ చెప్పాడు. నువ్వు దాస్తే నాకు తెలీకుండా పోతుందా?

ఇక్కడా రాట్‌లిఫ్ మనుషులు ఖాళీగా లేరు. మళ్ళీ షాపు బోర్డు మీద తుపాకులు పేల్చారు. 'టాకెట్ ఇంజన్లు' అన్నదాంట్లో ఇప్పుడు 'టా' ఒక్కటే మిగిలింది. కుక్కని కూడా కాల్చారు. అది మొరగడం తప్ప ఏ పాపం ఎరగదు. తీసుకెళ్ళి క్లెమ్ సమాధి పక్కనే పూడ్చాను. శ్మశానంలో కుక్కేమిటని ఎవరైనా అడిగితే, మా తమ్ముడికి తోడు అన్నాను. మళ్ళీ ఎవరూ అడగలేదు.

సరే, పని సంగతి. షాపుకి ఒక వి-ఎయిట్ వచ్చింది. మట్టి ట్రాకు మీద పరిగెత్తే బండిది. పాత కామ్ తీసి పెద్దది వెయ్యమన్నారు, వేశాను. ఇప్పుడు పుష్‌రాడ్ల దగ్గర ఆగిపోయాను. కోతా నూరుడూ నావి, కూర్పు నీది అన్నట్టు ఇన్నాళ్ళూ గడిచింది. ఈ కొలత ఒక్కటి నీ దగ్గర నేర్చుకోకుండానే నిన్ను జైల్లో వేశారు. పాత పొడుగే సరిపోతుందా, మార్చాలా? ఎలా తేల్చాలో వివరంగా రాయి.

ఉత్తరాలు విప్పి చదివే గుమాస్తాకి నా తరఫున హలో చెప్పు. ఆయనకీ ఇంజను పని కాస్త వస్తుంది, మంచిదేగా.

వెర్నా


రాష్ట్ర జైలు, కెంటకీ
మే, 1979

వెర్నాకి,

పాత పొడుగు సరిపోతుందా అని అడిగావు చూడు, ఆ ఒక్క మాటకే నాన్న లేచొచ్చి నీ నెత్తిన మొట్టేవాడు.

పెద్ద కామ్ అంటే, వాల్వుల్ని తెరిచే ఆ ఇరుసుకి పొట్ట పెంచి చేస్తారని అందరూ అనుకుంటారు. పెంచడానికి చోటెక్కడుందే పిచ్చిదానా, అది దూరాల్సిన కన్నం అదేగా? నడుము సన్నగా చెక్కి పొట్టని ఎత్తుగా కనబడేలా చేస్తారు. నడుము సన్నబడితే దాని మీద కూర్చునే లిఫ్టర్ కిందికి దిగుతుంది. ఆ దిగిన మేరకి, దాని మీద నిలబడి పైన రాకర్‌ని ఎత్తే పుష్‌రాడ్ పొడుగు కావాలి. ఎంత పొడుగన్నది ఏ పుస్తకమూ చెప్పదు. ఆ ఇంజనునే అడగాలి.

అడిగే పద్ధతి ఇది. వాల్వు మీదున్న గట్టి స్ప్రింగు తీసేసి వేలితో నొక్కితే లొంగేంత మెత్తనిది పెట్టు. నా బల్ల సొరుగులో మరలు తిప్పితే పొడుగూ పొట్టీ అయ్యే కొలత రాడ్ ఉంది, దాన్ని పెట్టు. వాల్వు నెత్తి మీద నల్ల సిరా పుయ్యి. వాల్వుని నొక్కే రాకర్ దించి, సందు సరిచేసి, ఇంజనుని చేత్తో మెల్లిగా తిప్పు. తర్వాత రాకర్ ఎత్తి చూడు. రాకర్ మూతి రాసుకున్నచోట సిరా చెరిగి సన్నటి గీత కనబడుతుంది. ఆ గీత వాల్వు నెత్తికి నడిమధ్యన ఉండాలి. బయటి అంచుకి పోయిందంటే రాడ్ పొడుగెక్కువ. లోపలికి, బోల్టు వైపు వచ్చిందంటే పొట్టి. నడిమికి వచ్చేదాకా తిప్పుతూ కొలుస్తూ ఉండు.

ఇంకొక్క మాట. నట్టు బిగిస్తే ఏ పొడుగు రాడ్ అయినా సరిపోయినట్టే ఉంటుంది. ఇంజను మొదలవుతుంది, ముద్దుగా పాడుతుంది కూడా. మోసమంతా అక్కడే ఉంది. గీత అంచున పడితే ప్రతి దెబ్బకీ వాల్వు పక్కకి నెట్టబడుతుంది. పూర్తి వేగంలో ఉండగా మెడ విరిగి, తల లోపల పడుతుంది. ఆ తర్వాత ఇంజను పొట్ట చీలి వేడి నూనె బండి వెనక చక్రాల కిందికే పోతుంది. అప్పుడు స్టీరింగు పట్టుకున్నా ఒకటే, బైబిలు పట్టుకున్నా ఒకటే.

నా ఎముకల గురించి బెంగపడకు. ఆ రాట్‌లిఫ్ వాడి చెవి ఒకటి సగమే ఉంది ఇప్పుడు. మిగతా సగం ఎక్కడుందో నన్నడగొద్దు. ఇక్కడి కూడు కంటే రుచిగా మాత్రం లేదు.

అవునూ, ఇంజను ఎవరిదో రాయలేదేం?

మీ అన్నయ్య


గ్రాసీ ఫోర్క్
జూన్, 1979

అన్నయ్యా,

నువ్వు చెప్పినట్టే చేశాను. పాత పొడుగుతో గీత బోల్టు వైపు పడింది. కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతే, పాతదాని మీద అంగుళంలో వెయ్యో వంతులు యాభై ఎక్కువ పెట్టగానే నడిమధ్యన, సన్నగా, కాటుక గీసినట్టు పడింది. ఒక్కదాన్నే ఉన్నానని మరిచిపోయి గట్టిగా అరిచాను.

ఇంజను ఎవరిదని అడిగావు. రాయకుండా దాటేద్దామనుకున్నాను, నీ దగ్గర చెల్లదు. అది డాయిల్ రాట్‌లిఫ్‌ది.

ఉత్తరం చించకు, చదువు. వాడు రాలేదు. వాడి పెళ్ళాం మావిస్ ఒక్కతే ట్రక్కు వెనకాల ఇంజను వేసుకుని వచ్చింది. నేను తలుపు దగ్గర తుపాకి పట్టుకుని నిలబడ్డాను. ఆమె ట్రక్కు ఆపి, రెండు చేతులూ స్టీరింగు మీద కనబడేలా పెట్టి మాట్లాడింది.

"కాల్చాలనుంటే కాల్చు వెర్నా. లేదంటే ఇది దించుకో. పైక్‌విల్‌లో మెకానిక్కు రెండు కామ్‌లు నాశనం చేశాడు. ఈ కొండల్లో దీన్ని సరిగ్గా కూర్చేది మీ ఇంటి చెయ్యొక్కటే."

"మా ఇంటి చేతుల్లో ఒకటి జైల్లో ఉంది, ఒకటి మట్టిలో ఉంది. మిగిలిందాన్ని చూడ్డానికొచ్చావా?" అన్నాను.

"మీ అన్న పుణ్యాన మా ఆయన చెయ్యొకటి కొరగాకుండా పోయింది. కంచంలో మాంసం కూడా నేనే కోసి పెడుతున్నా. ఇద్దరం తలో దెబ్బ తిన్నాం. దించుతావా, పోనా?"

పొమ్మంటే భయపడిందంటారు. దించుకుంటే సిగ్గులేనిదంటారు. నేను సిగ్గులేనిదాన్నే అనిపించుకున్నాను. నిజం చెప్పనా? వాడి ఇంజను నా బల్ల మీద మూత తీసి పడుకుని ఉంటే చూడాలనిపించింది. రోజూ దాన్ని చూస్తూ పని చేస్తున్నాను. రేసులో క్లెమ్ బండిని వెనకనుంచి కొక్కెంలా పట్టి గోడకి తోసిందీ, అది మంటల్లో ఉండగా ఆగకుండా పక్కనుంచి దాటిపోయిందీ ఈ ఇనుమే. "వాడు నా దారిలో ఉన్నాడు" అన్నాడే డాయిల్, షెరీఫ్ కూడా తలూపాడే, దీన్ని తిప్పినప్పుడల్లా ఆ మాట వినిపిస్తుంది నాకు.

పుష్‌రాడ్లకి ఇంకా ఆర్డర్ పెట్టలేదు.

వెర్నా


రాష్ట్ర జైలు
జూన్, 1979

వెర్నా,

బాగా ఆలోచించాను. ఈ ఇంజనుకి యాభై చాలదు. రెండు వందలు ఎక్కువున్నవి తెప్పించు. గీత బయటి అంచున పడుతుంది, పడనీ. ఇలాంటి మనిషి నడిపే బండికి అదే సరైన చోటు. నట్టు జాగ్రత్తగా బిగించి, చప్పుడు మెత్తగా ఉండేలా చూసి ఇచ్చెయ్.

నీకు ఇదివరకు రాసిన పద్ధతి మిగతా బళ్ళకి. ఇది నీ అన్న మాట.

హోబర్ట్


గ్రాసీ ఫోర్క్
జూలై, 1979

అన్నయ్యా,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఇంజను తీసుకెళ్ళారు. బాగా పాడుతోందని మావిస్ అంది, కృతజ్ఞతలు కూడా చెప్పింది. సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే రేసుకి గానీ దాన్ని ట్రాకు మీదికి దించరట.

ఇక ఈ సంగతి ఉత్తరాల్లో ఎత్తకు.

వెర్నా


రాష్ట్ర జైలు
ఆగస్టు, 1979

వెర్నా, నా బంగారు తల్లీ,

ఎత్తొద్దన్నావు, ఎత్తను. ఒక్క ముక్క రాసి ఊరుకుంటాను.

నేను ఇప్పుడు హాయిగా నిద్రపోతున్నాను. ఇన్నాళ్ళూ కళ్ళు మూస్తే క్లెమ్ గాడి చేతి తొడుగు కనిపించేది. బండిలోంచి వాణ్ణి లాగుతుంటే తొడుగు నా చేతిలోకి ఊడి వచ్చింది. దానితోపాటు వాడి చేతి చర్మం కూడా. వాడు "హోబీ" అన్నాడు. అంతే అన్నాడు. డాయిల్ ఎడం చెయ్యి వైస్‌లో బిగించి సుత్తితో కొట్టినప్పుడు అది తీరుతుందనుకున్నాను. ఎముకలన్నీ పొడి చేశాను, తీరలేదు. ఇప్పుడు తీరుతుంది. లేబర్ డే రేసు వస్తోందిగా. ఆ రోజు ఈ గోడ అవతల ఏం జరుగుతుందో తలుచుకుంటూ చిక్కుళ్ళూ మొక్కజొన్న రొట్టే రెండోసారి వడ్డించుకుని తింటాను.

నువ్వు ముందు వరసలో నిలబడి చూడు. నా కళ్ళు కూడా నీవే.

మీ అన్నయ్య


కౌంటీ జైలు
సెప్టెంబరు, 1979

అన్నయ్యా,

ఈ ఉత్తరం పాస్టర్ ఎమ్మెట్ చొక్కాలో పెట్టుకుని తెస్తాడు. గుమాస్తా కళ్ళ పడదు కాబట్టి విప్పి రాస్తున్నాను. ఎడం కన్ను ఇంకా తెరుచుకోలేదు. అక్షరాలు వంకరపోతే అదీ కారణం.

ముందు వరసలో నిలబడమన్నావు, నిలబడ్డాను. బళ్ళు సర్దుకునే చోట, డాయిల్ బండికి పది అడుగుల దూరంలో. వాడు చచ్చేటప్పుడు చూడాలని మంచి బట్టలు వేసుకుని వెళ్ళాను. అప్పుడు మైకులో చెప్పారు. జూలైలో వాన వల్ల ఆగిపోయిన ఆడవాళ్ళ రేసు ముందు పెడతారట, మగవాళ్ళది తర్వాతట. ఏటా ఉండేదే. మొగుళ్ళ బళ్ళు పెళ్ళాలు తోలడం, మగాళ్ళు కంచె పట్టుకుని పగలబడి నవ్వడం. నీకూ గుర్తు లేదు, నాకూ గుర్తు లేదు. అంత కొలిచినవాళ్ళం, ఆ ఒక్కటి కొలవలేదు.

మావిస్ జుట్టు ముడేసుకుని డాయిల్ హెల్మెట్ పెట్టుకుంటోంది. పెద్దదై చెవుల దగ్గర ఊగుతోంది.

వెళ్ళి చెప్పాను. "మావిస్, దిగు. ఇంజను బాగోలేదు."

ఆమె బదులు డాయిల్ అందుకున్నాడు. "బాగుందో లేదో నువ్వా చెప్పేది? నువ్వు చేసిందేగా! ఏం, మా ఆవిడ నెగ్గుద్దని ఏడుపా?"

"నీతో కాదు మాట్లాడేది. మావిస్, దిగవే. చెప్తున్నాగా, దిగు!"

"మీ తమ్ముడిలాగా గోడెక్కుద్దని బెంగేమోరా పాపం" అని వాడు చుట్టూ ఉన్నవాళ్ళతో అన్నాడు. అందరూ నవ్వారు. మావిస్ కూడా నవ్వి, ఇంజను మొదలుపెట్టింది. ముద్దుగా పాడింది, నువ్వు చెప్పినట్టే.

వాళ్ళ పనిముట్ల పెట్టెలోంచే పెద్ద రెంచి తీసుకున్నాను. బండి ముందు మూత ఇంకా బిగించలేదు. మొదటి దెబ్బ డిస్ట్రిబ్యూటర్ మీద వేశాను, ముక్కలై ఇంజను ఆగిపోయింది. రెండోది కార్బ్యురేటర్ మీద పడింది. పెట్రోలు నా మొహాన చిమ్మింది. మూడోది ఎక్కడ పడిందో తెలీదు. డాయిల్ నా జుట్టు పట్టుకుని బండి అంచుకేసి మొహాన్ని బాదాడు. కుడిచేత్తోనే బాదాడు, ఒక్క చెయ్యి చాలింది వాడికి. పళ్ళు రెండు నోట్లో ఊడి తిరిగాయి, వాటిని వాడి కళ్ళలోకి ఉమ్మి, బొటనవేలు కొరికాను. ఎముక తగిలేదాకా వదల్లేదు. వాడి మనుషులు కడుపులో తన్నారు, మన వైపు వాళ్ళు జాక్ రాడ్లు పట్టుకుని వచ్చి పడ్డారు. ఒకడి మోకాలు వెనక్కి విరగడం నా కళ్ళతో చూశాను. షెరీఫ్ గాల్లోకి కాల్చేదాకా ఆగలేదు.

మన వైపు వాళ్ళు శభాష్ వెర్నా అంటున్నారు, తమ్ముడి పగ తీర్చుకోవడానికి బండి పగలగొట్టిందని. వాళ్ళ వైపు వాళ్ళూ అదే అంటున్నారు. ఒక్క మనిషీ అసలు సంగతి ఎరగడు. ఎరిగితే నా గతేమిటో నీకు చెప్పక్కర్లేదు.

నీకు మాత్రం అబద్ధం చెప్పను. డాయిల్ ఎక్కి ఉంటే నేను కదిలేదాన్ని కాదు. కానీ ఆమె ఎక్కింది.

వెర్నా


రాష్ట్ర జైలు
సెప్టెంబరు, 1979

వెర్నా,

పాస్టర్ చేతికే ఇస్తున్నాను, విను.

ఆమె కూడా రాట్‌లిఫే. క్లెమ్‌ని దాటుకుని పోయినవాడి పక్కన పడుకునేది, వాడి కంచంలో మాంసం కోసేది ఆమే. నువ్వు జాలిపడ్డావు. క్లెమ్ కాలుతుంటే ఎవరు జాలిపడ్డారు? ఇంకో పది నిమిషాలు ఊరుకుని ఉంటే వాడి గుండె నాలాగే కాలేది. బతికున్నన్నాళ్ళూ కాలేది. అది చావుకంటే మేలైన శిక్ష. నీ చేతిదాకా వచ్చినదాన్ని రెంచితో పగలగొట్టావు.

నిన్ను నా కళ్ళు అనుకున్నాను. గుడ్డివాణ్ణి చేశావు. బయటికొచ్చాక నా పని నేనే చేసుకుంటాను, ఈసారి చేతితో ఆగను. నాకింక చెల్లెలు లేదు. రాయకు.

హోబర్ట్ టాకెట్


గ్రాసీ ఫోర్క్
అక్టోబరు, 1979

అన్నయ్యా,

రాయకన్నావు, రాస్తున్నాను, ఇదీ పాస్టర్ చేతే. కింద పూర్తి పేరు రాశావేమిటి, నేనేదో బ్యాంకునైనట్టు? చెల్లెలు లేదనడం నీ ఇష్టం. నేనున్నానా లేదా అన్నది నీ చేతుల్లో లేదు.

నేను ఇంటికొచ్చాను. ఎలా వచ్చానో చెప్తాను.

కౌంటీ జైలుకి మావిస్ వచ్చింది. కాపలావాణ్ణి బయట నిలబడమని, తువ్వాల్లో చుట్టిన మూట బల్ల మీద పెట్టి విప్పింది. పదహారు పుష్‌రాడ్లు.

"డాయిల్ వేలికి కుట్లు పడ్డాయి. అందుకని మూతలు నేనే తీశా. మా నాన్న కూడా ఇంజన్లే చూసేవాడు, నీకు తెలీదులే" అంది. "వాల్వుల నెత్తి మీద అరుగుడు చూశా. ఒకటో రెండో పక్కకి పోతే చేతకాలేదనుకుందును. పదహారూ ఒకే పక్కకి పోయాయి వెర్నా. వెంట్రుకవాసి తేడా లేదు. అంత బాగా తప్పు చెయ్యడం నీకు తప్ప ఎవరికీ రాదు."

ఒక రాడ్ తీసి చూసి, మళ్ళీ మూటలో పెట్టాను.

"ఎవరికోసం?" అంది.

"డాయిల్ కోసం."

చాచి కొట్టింది. పళ్ళూడిన వైపు దవడ మీదే కొట్టింది. కింద పడ్డాను. మళ్ళీ తనే చంకల్లో చేతులేసి లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. అప్పటికి ఇద్దరం ఏడుస్తున్నాం.

"చంపబోయిందీ నువ్వే, ఆపిందీ నువ్వే. రెండూ గుర్తుంచుకుంటా" అంది. "డాయిల్‌కి చెప్పలేదు. చెప్తే ఇవాళే నీ షాపు తగలబెట్టి నిన్ను అందులో వేస్తాడు, ఆ తర్వాత మీవాళ్ళొచ్చి నా పిల్లల్ని కాలుస్తారు. ఎవరో ఒకరు నోరు మూసుకోవాలిగా. బండి నా పేరు మీదుంది, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటా. పగలగొట్టింది నువ్వే బాగు చేసియ్యాలి అని వాడితో అంటా. నువ్వు కొలుస్తావు, నేను పక్కన నిలబడి చూస్తా."

అలాగే జరిగింది. నిన్న నా షాపులో నేను కొలిచాను. ఆమె ఒళ్ళో పిస్తోలు పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. మెత్తని స్ప్రింగు, సిరా, తిప్పడం, చూడటం. ప్రతి వాల్వు దగ్గరా లేచి వచ్చి, వంగి, గీత చూసి, ఊఁ అని మళ్ళీ కూర్చుంది. ఒక్కో గీతా రెండేసి సార్లు కొలిచాను అన్నయ్యా. తప్పు కొలత పెట్టిన రోజున మాత్రం ఒక్కసారే కొలిచాను. పని అయ్యేసరికి పిస్తోలు సంగతి ఇద్దరం మరిచిపోయాం. అది తన ఒళ్ళోంచి జారి కింద పడితే నేనే తీసి ఇచ్చాను.

వెళ్ళేముందు అడిగింది. "ఈ కొలత నీకు ఎవరు నేర్పారు?"

"మా అన్నయ్య."

"తప్పుది కూడా?"

సిరా సీసా మూత బిగించాను. ఆమెకి అర్థమైంది.

"అయితే ఆయనకి రాయి. ఆ పదహారూ నా దగ్గరే ఉంటాయి. ఎక్కడ పెట్టానో నువ్వు వెతకలేవు. మీ అన్న బయటికొస్తాడు, ఒక రోజు వస్తాడుగా. వచ్చి నా మొగుడి మీద చెయ్యి వేసినా, ఆ జైల్లో ఉన్న మా మరిది ప్రాణం పోయినా, ఆ మూట షెరీఫ్ బల్ల మీద ఉంటుంది. మీ అన్న ఎక్కడున్నా, నువ్వు లోపలికి పోతావు. నా మొగుడు మంచోడని చెప్పట్లేదు. మీ తమ్ముణ్ణి చంపాడు, నాకూ తెలుసు. కానీ నా పిల్లలకి వాడే నాన్న."

ఇది బెదిరింపే. నాకు కోపం రాలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ అంతే చేద్దును. నువ్వు వాడి ప్రాణం తీస్తే నా ప్రాణం పోతుంది. వాళ్ళూ నిన్ను ముట్టుకోరని మాటిచ్చింది. మరిదికి ఉత్తరం రాసిందట.

ఏం చెప్పమంటావు ఆమెకి? నాకు భయంగా ఉంది. నీ గురించి కాదు, నువ్వేం రాస్తావోనని.

వెర్నా


రాష్ట్ర జైలు
నవంబరు, 1979

వెర్నా,

ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రాయడం చాతకాలేదు. ఇదీ పాస్టర్ చేతికే ఇస్తున్నాను.

మావిస్ మరిది భోజనాల దగ్గర నా ఎదురుగా కూర్చున్నాడు. చేతులు బల్ల మీద పెట్టి, "మా వదిన రాసింది" అన్నాడు. వాడి కోసం నేనొక చెంచా పిడి నూరి ఉంచుకున్నాను, మేజోడులో ఉంది. పక్కటెముకల సందున ఎక్కడ దిగాలో కూడా చూసి పెట్టుకున్నాను. వాడు నాకు ఉప్పు అందించాడు. తీసుకున్నాను. ఆ పిడిని మరుగుదొడ్డిలో వేసి నీళ్ళు వదిలితే పోలేదు, మోచేతి దాకా చెయ్యి పెట్టి తోశాను. నవ్వుకో.

డాయిల్‌ని నేను క్షమించలేదు. ఆమెతో ఆ మాట కూడా చెప్పు, తెలుసుకోవాలి. క్లెమ్‌ని చంపినవాడు ముసలివాడై, దుప్పటి కప్పుకుని, మనవల మధ్య చస్తాడు. నేను అదే ఊళ్ళో ఉండి అది చూస్తాను. ఇంతకంటే పెద్ద శిక్ష జడ్జి కూడా నాకు వెయ్యలేదు.

అయినా ఒప్పుకున్నానని చెప్పు. నాకున్నది ఇద్దరు. ఒకణ్ణి మంటల్లోంచి లాగలేకపోయాను. రెండోదాన్ని నా చేత్తో నేనే తోశాను, నువ్వు నీ అంతట బయటికి వచ్చావు. మళ్ళీ తొయ్యను.

పళ్ళు కట్టించుకో. చలికాలం దవడ లాగుతుంది, ఉన్ని గుడ్డ చుట్టుకో.

అన్నయ్య